యశస్విని డ్రమ్ము కవర్లు

తొమ్మిదో తరగతి పిల్లలకి వ్యాపారం ప్రాజెక్టు ఇచ్చారు. ఐదుగురికో టీము.

యశస్విని ఏ టీములోనూ లేదు. నిన్నగాక మొన్న పరవాడ నుంచి వచ్చిన పిల్లని ఎవరు కలుపుకుంటారు?

“ఒక్కదానివే చెయ్యి. కానీ ప్రతి శనివారం ఒక్కటైనా అమ్మాలి. ఏ వారం అమ్మకపోయినా ప్రాజెక్టు పోయినట్టే,” అన్నారు మోహనకృష్ణ మాస్టారు.

పోర్టు పక్కనున్న మల్కాపురంలో నీళ్ళ డ్రమ్ముకి మూత లేకపోతే సాయంత్రానికి నల్లటి బొగ్గుదుమ్ము తేలుతుంది. యశస్విని ఎలాస్టిక్ పెట్టి గుడ్డ కవర్లు కుట్టింది.

మొదటి శనివారం స్కూలు గేటు దగ్గర చాక్లెట్ల టీము చుట్టూ జనమే జనం. ఈ పిల్ల దగ్గర ఈగ కూడా వాలలేదు.

చివరికి ఒక ముసలామె ఆగి, కవరు తిరగేసి చూసింది.

“ఈ కుట్టు నిలబడదు పాపా. నాను నేర్పనా?”

యశస్వినికి ఒళ్ళు మండింది. “నాకు టీము నేదు మామ్మా. నానొక్కదాన్నే సెయ్యాలి. కొంటే కొను, నేకపోతే ఎల్లు.”

“సరే, ఒకటియ్యి.”

ఆ తర్వాత ఆమె ప్రతి శనివారం వచ్చి ఒకటి తీసుకెళ్ళేది. ఈవిడకి ఎన్ని డ్రమ్ములున్నాయో అని యశస్విని నవ్వుకుందే కానీ, పేరైనా అడగలేదు.

ఏడో శనివారం ముసలామె రాలేదు. యశస్విని వీధి చివరిదాకా చూసింది. అంతలో కాంతం అనే ఆమె వచ్చి, తమ వీధివాళ్ళకని ఉన్న పన్నెండు కవర్లూ కొని పట్టుకుపోయింది.

తన సరుక్కి పేరొచ్చిందని యశస్విని పొంగిపోయింది. ఆ సంగతి చెప్పుకోడానికి పక్కన ఎవరూ లేరు.

వారం తిరక్కుండా కాంతం పన్నెండూ వెనక్కి తెచ్చింది. అన్నిటికీ కుట్లు ఊడిపోయాయి.

“ఏటమ్మా ఇది? పోతమ్మత్త మాకు పంచినవి ఇలాగ నేవు గదా,” అంటూ పాత కవరొకటి చూపించింది.

గుడ్డ యశస్వినిదే. కుట్టు మాత్రం తనది కాదు. లావు దారంతో, దగ్గర దగ్గరగా రెండు వరసలున్నాయి.

“ఇది నాను కుట్టింది కాదు పిన్నీ.”

కాంతం కవరు తిప్పి తిప్పి చూసింది. “అవును, పోతమ్మత్త కుట్టే. పోర్టులో ముప్పై ఏళ్ళు టార్పాలిన్లు కుట్టిన సెయ్యి. మాకు మాత్రం పాప కుట్టిందనే సెప్పింది.”

“ఆవిడెక్కడుంది?”

“పోయి పది రోజులయింది. ఎవురూ నేని మనిషి.”

యశస్విని ఆ పాత కవరు చేతిలోకి తీసుకుంది.

కాంతం గొంతు తగ్గించింది. “శనివారం శనివారం ఎక్కడికెల్తన్నావంటే, బళ్ళో టీములో సేరినానని సెప్పేది. ముసల్దానికి బడేటి, టీమేటని మేం నవ్వేవోళ్ళం.”