లేబుల్ లేని స్వెటర్

సెలవుల కానుకలు కొనడానికెళ్తే, కొట్లో అందరి ముందూ మా ఆయన నా మెడ వెనక చెయ్యేశాడు. ఇన్నాళ్ళకా అనుకుని సిగ్గుపడ్డాను.

నేను వేసుకున్న, అక్క ఇచ్చిన స్వెటర్ కాలర్ తిరగేశాడాయన. "లేబుల్ లేదే! పోయినేడాది మీ అక్క ఎంత పెట్టి కొందో తెలియకుండా మనమెంత పెడతాం?"

"చేత్తో అల్లిందండీ."

"అయితే ఉన్ని ఖర్చేగా!"

పక్కనున్న ఉన్ని కొట్టుకి లాక్కెళ్ళి, స్వెటర్ విప్పించి, కాటా మీద పెట్టించాడు. ఆ తూకం ఉన్నికయ్యే ధరకే అక్కకి ఓ తువ్వాలు కొని, "చెల్లుకి చెల్లు" అన్నాడు.

స్వెటర్ మళ్ళీ తొడుక్కోబుద్ధి కాలేదు. రోడ్డు మీద వణుకుతుంటే, "చలేస్తోందా?" అంటూ తన కోటు విప్పి నాకు కప్పాడు.

నేను మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి, కోటు లేబుల్ కోసం తడిమాను.