గేర్లున్న కారు

తొంభైల నాటి ఇటలీ కారు అది. దేశంలో అలాంటివి రెండే మిగిలాయి. కొనేవాడు ఒక షరతు పెట్టాడు. దాన్ని లారీ మీద ఎక్కించకుండా, నడుపుకుంటూ తన గుమ్మం ముందుకు తేవాలి. కార్లన్నీ మాట చెబితే కదిలే ఈ రోజుల్లో క్లచ్ తొక్కడం ఎవరికొచ్చు? కారు అమ్ముతున్న జితేందర్‌రావు హైదరాబాదంతా వెతికించి, చివరికి తను పనిలోంచి తీసేసిన డ్రైవరు మొగులయ్యనే పిలిపించాడు.

ఫ్లైఓవరు నడిమధ్యకు రాగానే మొగులయ్య ఇంజన్ ఆపేసి దిగాడు. వెనక బండ్లన్నీ ఒక్క హారన్ లేకుండా బుద్ధిగా ఆగిపోయాయి.

"ఏమైంది మొగులయ్యా? కొనేటాయన ఎదురుచూస్తున్నడు!" పక్క సీట్లోంచి అరిచాడు జితేందర్‌రావు.

"పన్నెండేండ్ల కింద నన్ను ఈడనే దింపిన్రు సార్. కారు దానంతటదే పోతది, ఇగ నువ్వెందుకన్నరు. ఎర్రటెండల ఇంటిదాంక నడిచిన."

తాళంచెవి ఆయన ఒళ్లో పడేశాడు.

"దీనికి గూడ చెప్పుండ్రి సార్. పోతదేమో."

వెనక్కి తిరిగి చూడకుండా ఫ్లైఓవరు దిగసాగాడు. సగం దూరం వచ్చేదాకా ఆయన గొంతు వినబడుతూనే ఉంది.

"స్టార్ట్... స్టార్ట్... పోనీ... ముందుకు పోనీ!"