పేరు కింద వత్తు

"టైటిల్స్ మీద చెయ్యి పెట్టిందెవరు?"

భాస్కర్ అరుపుకి సెమినార్ హాల్లో కుర్చీలు సర్దుతున్న పిల్లలంతా తలలు తిప్పారు. పదకొండింటికి సినిమా వెయ్యాలి. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. సూర్యాపేటలోని తమ కాలేజీలో విద్యార్థులు సొంతంగా తీసిన మొదటి సినిమా అది. పేరు 'పచ్చ గీత'. దర్శకుడు భాస్కరే.

లాప్‌టాప్ తెర మీద హైవే పరుగెత్తుతోంది. రోడ్డు మీంచి పేర్లు ఒక్కొక్కటే లేచి వస్తున్నాయి. అడుగున మాత్రం తెల్లటి కారు బానెట్ కనిపిస్తోంది. నిన్న మధ్యాహ్నం అతను కోసేసిన ముక్క! ఇవాళ పొద్దున వచ్చి చూసేసరికి మళ్లీ అక్కడే కూర్చుంది.

"రాజూ! నువ్వేనా?"

కెమెరా రాజు రెండు చేతులూ ఎత్తేశాడు. "నాకేం తెల్వదన్నా. షాట్ తీసి ఇచ్చిన. నా పని గాడికే ఖతం."

"నేనే మార్చిన," అంది లత. సినిమాను పరిచయం చేయాల్సింది ఆమే కాబట్టి మైకు అప్పటికే చేతిలో ఉంది. టైటిల్స్‌లో అక్షరాలన్నీ ఆమె చేత్తో రాసినవే.

"ఎవర్నడిగి మార్చినవ్?"

"నువ్వెవర్నడిగి కోసినవ్?"

"బానెట్ కనిపిస్తే పెండ్లి వీడియో లెక్క ఉంటది. అందుకే జూమ్ చేసిన."

"జూమ్ చేస్తే అక్షరాల కింద వత్తులు తెగిపోయినయ్. మొదటి కార్డు సూసుకున్నవా? 'వెంకనకు' అని పడ్డది. మా నాయిన పేరు వెంకన్న. వెంకన కాదు."

సినిమా అంతా ఆ వెంకన్న గురించే.

మునగాల దగ్గరి ఊళ్లో గొర్రెలు కాసుకునే మనిషి. మందలు కలిసిపోతే విడదీసుకోడానికి అక్కడ ఇంటింటికీ ఒక గుర్తు. వెంకన్న ఇంటి గుర్తు పచ్చ గీత, దాని నడుమ పసుపు చుక్క. నెల కిందట, బొచ్చు కత్తిరించిన మర్నాడు పొద్దున్నే గొర్రెలన్నింటికీ కొత్తగా గీతలు దిద్దాడు. రంగు ఆరకముందే మందను తోలుకుని బయల్దేరాడు. హైవే దాటుతుంటే ఏదో బండి గుద్దేసి, ఆగకుండా పోయింది. పదకొండు గొర్రెలు చచ్చిపోయాయి. వెంకన్న కూడా పోయాడు. ఆ బండి ఎవరిదో ఇంతవరకూ తేలలేదు.

దినాలకు అన్నీ తానై తిరిగింది భాస్కరే. కోదాడ నుంచి కుర్చీలు, వంటసామాను తెప్పించాడు. ఆ తర్వాత వారానికి, మిగిలిపోయిన టైటిల్స్ కోసం తన తండ్రి కారు తెచ్చాడు. పైన కెమెరా బిగించి రాజు చూసుకుంటే, తాను నడిపాడు. లత అక్షరాలన్నీ పచ్చ రంగులో రాసి, ఒక్కో పేరు చివర పసుపు చుక్క పెట్టింది.

"సరే, పేరు తెగింది. తప్పే," అన్నాడు భాస్కర్ గొంతు తగ్గించి. "ఆ కార్డు చివర్ల పెడదాం. వత్తుతోనే పెడదాం. ఇగ జరుగు, నన్ను కోయనీ."

"మొదటి కార్డు మొదట్నే ఉంటది."

"డైరెక్టర్‌ను నేను!"

"బిడ్డను నేను!"

రాజు మధ్యలో దూరాడు. "బానెట్ కనబడితే ఏమైతదన్నా? మొన్ననే కోదాడల కొత్త బంపర్ గూడ ఏయిస్తివి. నలుగురు సూడనీ."

"నోర్ముయ్ రా!"

భాస్కర్‌కు ఒళ్లంతా మండుతోంది. తెరలో ఆ నాలుగు వేళ్ల మేర కోయడానికి రెండు రోజులు తిండి మానేసి కూర్చున్నాడు. వీళ్లకేం తెలుసు? వత్తట, వత్తు!

హాలు నిండుతోంది. ముందు వరుసలో కూర్చున్న లత తల్లి పెంటమ్మ వెనక్కి తిరిగింది. "ఏం లొల్లి కొడుకా? మొకం గట్ల పీక్కపోయింది. పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"తిన్ననమ్మా," అన్నాడు భాస్కర్, ఆమె వైపు చూడకుండానే. కుర్చీ లాక్కుని మౌస్ అందుకున్నాడు.

"కోసుకుందువులే అన్నా," అంది లత. "ఒక్కసారి పెద్దగ సూసి కోసుకో."

ప్రొజెక్టర్ తీగ తీసి లాప్‌టాప్‌కు గుచ్చింది. గోడంత తెర వెలిగింది. మొదటి కార్డు దగ్గర బొమ్మను ఆపింది.

'వెంకన్నకు.'

కింద వత్తు నిండుగా ఉంది. దాని కింద తెల్లటి బానెట్. బానెట్ ఎడమ మూలన సగం చెరిగిన పచ్చ గీత, దాని నడుమ పసుపు చుక్క.

రాజు ఈల వేశాడు. "వారెవ్వా లతా! బానెట్ మీద గూడ దింపినవా? అచ్చం రంగు అంటుకున్నట్టే ఉన్నది!"

"అక్షరాలే నేను రాసిన," అంది లత. "ఆ గీత నేను గియ్యలే."

భాస్కర్ గబుక్కున తెర ఆర్పబోయాడు. లత లాప్‌టాప్‌ను తన వైపు లాక్కుంది.

ముందు వరుసలో పెంటమ్మ లేచి నిలబడింది. తెర వైపు రెండడుగులు వేసి, ఆ మూలనే చూస్తూ ఆగిపోయింది.

లత మైకు నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కింది.

"అమ్మా, నాయినను గుద్ది ఆగకుండ పోయింది మన భాస్కరన్ననే."