ఆడవాళ్ల సభకు పర్వతాలు సారు

"టికెట్ నా పేరు మీద తీసిన మేడం," అన్నాడు ప్రిన్సిపాల్ పర్వతాలు, ఆమె నెత్తిన పాలు పోసినట్టు.

కాలేజీ ల్యాబులో నీళ్లు పరీక్షిస్తున్న లాడ్లీ బేగం చేతిలోని గాజుగొట్టం పక్కన పెట్టేసింది. నల్గొండ పల్లెల నీళ్లలోని ఫ్లోరైడు మీద పరిశోధన మొత్తం ఆమెదే. ఆడమనిషి నడిపితేనే నిధులిస్తామని యూరపువాళ్లు షరతు పెట్టారు కాబట్టి, కాగితాల మీదా ఆమెనే పెద్దను చేశారు. ఇప్పుడు బెల్జియంలో సభ. రమ్మని పిలిచింది ఆమెను.

"సార్, అది ఆడ సైంటిస్టుల సభ! పరిశోధనలల్ల ఆడోళ్లకు సమానంగ అవకాశాలు ఎట్లియ్యాల్నని పెడుతున్నరు!"

"అందుకే పోతున్న. గంత పెద్ద ముచ్చట చెప్పాల్నంటే పెద్దమనిషి ఉండొద్దా?"

"పని చేసింది నేను గద సార్?"

"ఎవరు కాదన్నరు? ఆడామెను ఒక్కదాన్నే గంత దూరం పంపితే లోకం నన్నేమంటది? మీ బదులు నేనొస్తున్ననని ఫ్యాక్సు గూడ కొట్టిన. ఫికర్ చెయ్యకుండ్రి. జర నా ప్రసంగం రాసియ్యుండ్రి. ఇంగ్లీషుల. అచ్చరాలు పెద్దగుండాలె."

లాడ్లీకి ఒళ్లు మండిపోయింది. దేవరకొండ ఎండల్లో బోరింగు బోరింగుకూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చింది ఒక్కతే కదా! అప్పుడు ఏమీ అనని లోకం విమానం ఎక్కే వేళకే నోరు తెరిచిందా?

పైగా ప్రసంగం కూడా ఆమే రాయాలి! ఈయనకు ఎప్పుడూ ఎవరో ఒకరు రాసిపెట్టాల్సిందే. కాగితం విప్పేది మాత్రం మైకు ముందుకెళ్లాకే. మొన్న కాలేజీ వార్షికోత్సవంలో "ఇక్కడ చప్పట్ల కోసం ఆగాలి" అని పక్కన రాసింది కూడా గొంతెత్తి చదివేశాడు.

విసుక్కుంటూనే లాడ్లీ కలం తీసింది.

బెల్జియం నుంచి వచ్చిన మర్నాడు పర్వతాలు ల్యాబులోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"వచ్చేసారి మీరే పోవాలె మేడం. మీ పేరు మీదనే టికెట్ పంపుతరట."

"ఏమైంది సార్? చప్పట్లు కొట్టలేదా?"

"ఎందుకు కొట్టలే? హాలంత లేచి నిలబడి కొట్టిండ్రు."

"మరింకేంది సార్?"

పర్వతాలు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"'ఈ పని చేసిన ఆడమనిషిని నల్గొండలనే ఆపి, ఆమె జాగాల నేనొచ్చిన' అని అందరి ముంగట నాతోనే చదివిస్తిరి గద!"