వంటింటి గంట

ఈలీ ఊళ్లోని పెద్ద చర్చి, కేథడ్రల్, కనబడే ఆ పాత ఇంటిని కొనడానికి వచ్చినవాళ్లు మేడెక్కారు. కింద వంటింట్లో హెస్టర్ తన మరిది రూపర్ట్‌కు టీ పోస్తోంది.

"పనివాళ్లను పిలిచే ఈ గంటలు కూడా ఇంటితోపాటే ఇచ్చేస్తున్నావా, వదినా?"

"పాడైన గంటలు నాకెందుకు? పదకొండేళ్లు మంచాన పడి ఉన్న మీ అన్నయ్య ఆరోజు మేడమీద ఈ గంట తాడు ఎన్నిసార్లు లాగి ఉంటారో! ఒక్కసారి మోగినా పరిగెత్తుకెళ్లేదాన్ని కదా. అలా పోయేవారా మనిషి?"

రూపర్ట్ ఓదార్పుగా ఆమె చెయ్యి నిమిరాడు.

మేడమీద ఎవరో సరదాకి తాడు లాగినట్టున్నారు. గోడమీద 'పెద్ద పడకగది' అని రాసి ఉన్న గంట గణగణా మోగింది.

రూపర్ట్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎప్పుడు బాగుచేయించావు, వదినా?"

హెస్టర్ తన కప్పు ఎత్తి ఒక గుక్క తాగింది.

"పదకొండేళ్లలో ఆ ఒక్కరోజే, రూపర్ట్, నేను టీ వేడిగా తాగాను."