పైకప్పులో తెగిన తీగ

కెమి ఊరి బడిలో రెండు నెట్‌వర్క్ స్విచ్‌ల మధ్య కేబుల్లో ఇంటర్నెట్ నెమ్మదించింది. ఈ రాత్రి ఒక్కదాన్నే బాగుచేస్తే నాకు పగటి డ్యూటీ ఇస్తారు, రోజూ రాత్రి మా పాప హిల్లా పక్కన పడుకోవచ్చు.

టెస్టర్ పెట్టాను. పైకప్పులోంచి పోయే కేబుల్ లోపల ఒక తీగ ముప్పై మీటర్ల దూరంలో తెగిందని చూపింది. నిచ్చెన తెచ్చి మళ్లీ నొక్కితే ఇరవై. ఇంకోసారి నొక్కితే తొమ్మిది.

ఫోన్లో చెబితే మా సీనియర్ ఎర్కి నవ్వాడు.

"అదృష్టవంతురాలివి తల్లీ. తెగిన చోటే నీ దగ్గరికి నడిచొస్తోంది. పైకప్పులోకి ఎక్కే పని తప్పింది. ఈ చివర ప్లగ్గు కోసి కొత్తది వెయ్యి."

"వస్తే దానికి కాఫీ కూడా పోస్తాలే, అన్నా."

టెస్టర్ సున్నా చూపింది. నెత్తి మీద పైకప్పు పలకల్లో ఏదో పాకుతున్న చప్పుడు ఆగింది. అది ఆగాకే, ఇంతసేపూ వినిపించిందని తెలిసింది.

పారిపోతే పగటి డ్యూటీ పోతుంది. హిల్లాను తలచుకుని ప్లగ్గు కత్తిరించాను.

పైన ఎవరో మెల్లగా, "అబ్బా" అన్నారు.