గేటు దగ్గర పది నిమిషాలు

తొమ్మిదిన్నర అయినా బోమి ఇంకా బడి గేటు పక్క కాపలా గదిలోనే కూర్చుని ఉంది. చేతిలో కాల్చిన చిలగడదుంప.

మేడ మీద కౌన్సెలింగ్ గది కిటికీలోంచి అది చూసి యున్సో టీచర్‌కి ఒళ్లు మండింది. చకచకా మెట్లు దిగింది.

ఆగస్టులో వేసవి సెలవులు అయిపోయాక బోమి మూడు నెలలు బడి మొహం చూడలేదు. కొరియాలో దేగు నగరంలోని ఆ హైస్కూలుకి ఈమధ్యే మళ్లీ వస్తోంది. రప్పించింది తానేనని యున్సోకి లోలోపల గర్వం. ప్రిన్సిపాల్ కూడా అందరి ముందూ మెచ్చుకున్నాడు మరి.

"తాతగారూ, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని లోపలికి పంపాలి కదా. ఇదేమన్నా హోటలా?"

డెబ్బై ఏళ్ల కాపలా తాత నొచ్చుకోలేదు.

"గేటు చూస్తేనే పిల్లకి కాళ్లు వణుకుతున్నాయి టీచరమ్మా. పది నిమిషాలు కూర్చుంటే అదే లేచి వెళ్తుంది."

"ఏం మాట్లాడతారు దాంతో?"

"నాకేం మాటలొచ్చు? దుంప తొక్క తీసిస్తాను."

"వణికే పిల్లల్ని చూసుకోడానికి నేనున్నాను. అందుకే చదువుకున్నాను."

"నిజమే తల్లీ," అన్నాడు తాత. మర్నాడు కూడా పేరు రాయలేదు.

యున్సో ఫిర్యాదు రాసిచ్చింది. ఫిబ్రవరితో తాత ఉద్యోగం గడువు ముగిసింది. మళ్లీ పిలవలేదు.

అక్కడి బళ్ల లెక్క ప్రకారం మార్చిలో కొత్త తరగతులు మొదలయ్యాయి. గేటు దగ్గర కొత్త మనిషి, చేతిలో పుస్తకం.

"పేరు? తరగతి? ఎందుకాలస్యం?"

బోమి ఆ పుస్తకం వంక చూసింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇక రాలేదు.

రెండు వారాలు చూసి యున్సో వాళ్లింటికి వెళ్లింది.

"గదిలోంచి బయటికే రావట్లేదు టీచర్ గారూ. గుమ్మం దగ్గర పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటోంది," అని తల్లి ఏడ్చింది.

యున్సో మూసిన తలుపు ముందు కూర్చుంది. గంటసేపట్లో చదువుకున్న మాటలన్నీ అయిపోయాయి.

చివరికి లోపల్నుంచి సన్నగా ఒక్క మాట వినిపించింది.

"తాత వచ్చాడా?"

ఇన్నాళ్లూ ఆ పిల్లను గేటు దాటించింది ఎవరో యున్సోకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది. పరుగున బడికొచ్చి ఆఫీసులో పాత గుమాస్తా ప్యో గారి ముందు నిలబడింది.

"ఆ తాత నంబరివ్వండి. కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తాను."

ప్యో గారు రాస్తున్న కలం కింద పెట్టారు.

"పోయిన మంగళవారం చనిపోయారు. మన బడి నుంచి నేనొక్కణ్ణే వెళ్లాను."

యున్సో కుర్చీలో కూలబడింది. ఇప్పుడు బోమికి ఏమని చెప్పాలి?

"పిల్లలంటే అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చింది ఆయనకి?"

"నేనిక్కడే చదువుకున్నాను టీచర్ గారూ. మా క్లాసువాడొకడు ఓ రోజు ఆలస్యంగా వచ్చాడు. క్రమశిక్షణ చూసే మాస్టారు గేటు దగ్గరే కర్రతో బాది వెనక్కి పంపేశారు. వాడు మరి ఇంటికి చేరలేదు. ప్రాణం తీసుకున్నాడు."

"అయ్యో! అయితే తాత... ఆ పిల్లాడి తండ్రా?"

ప్యో గారు అడ్డంగా తలూపారు.

"కాదు. వాణ్ణి కొట్టిన మాస్టారు."